కోకోస్‌లో కీర్తి వాళ్ళమ్మ

వెళ్ళొచ్చి రెండు వారాలైనా నా చెప్పుల్లోంచి ఇసక ఇంకా రాలుతూనే ఉంది. సిడ్నీలో మనవాళ్ళ కొట్లుండే హారిస్ పార్క్‌లో పప్పులు కొనుక్కుంటుంటే తెలిసినవాళ్ళు ఆపి మరీ అడుగుతున్నారు. "కోకోస్ అంటే ఎక్కడండీ? ఫిజీ పక్కనా?" అని. ఫిజీ అటు, ఇది ఇటు. ఇదో దీవుల గుంపు, పేరుకి ఆస్ట్రేలియాదే గానీ, పెర్త్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి మళ్ళీ హిందూ మహాసముద్రం మీద గంటల తరబడి ఎగిరితే గానీ రాదు. మ్యాపులో చూపిస్తే మా పక్కింటావిడ దుమ్మనుకుని వేలితో తుడిచింది.

నేనక్కడికి సరదాకి వెళ్ళలేదు. మా ఆయన శ్రీనివాస్ ఎలక్ట్రీషియన్. సిడ్నీలో ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక, కోకోస్‌లో కరెంటు తయారుచేసే పవర్ హౌస్‌లో రెండేళ్ళ ఉద్యోగం దొరికింది. వెళ్ళి ఎనిమిది నెలలైంది. మా అమ్మాయి కీర్తి మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీకి వెళ్తూ, స్నేహితురాళ్ళతో క్రెయిగీబర్న్‌లో ఉంటోంది. నేను సిడ్నీ శివారు పారమట్టాలో మూడు గదుల ఇంట్లో ఒక్కదాన్నీ ఒక గిన్నెడు అన్నం వండుకుని రెండు పూటలు తింటున్నాను. ముగ్గురం మూడు చోట్ల, మూడు గడియారాల్లో కాకపోయినా మూడు వంటిళ్ళల్లో.

నా ఉద్యోగం ఏజ్డ్ కేర్ హోములకి, అంటే వృద్ధాశ్రమాలకి, రోస్టర్లు వెయ్యడం. ఏ హోములో ఎవరు ఏ షిఫ్టుకి రావాలో రాయడం, రానివాళ్ళెవరో చూసి ఫోన్ చెయ్యడం, వాళ్ళు ఎత్తకపోతే ఇంకొకళ్ళని బతిమాలడం. ఇది ఎక్కణ్ణుంచైనా చెయ్యొచ్చు కదా అని మా మేనేజర్ హెలెన్‌ని ఆర్నెల్లు నసపెట్టాను. చివరికి ఒప్పుకుంది.

"మూడు వారాలు ట్రయల్, వాస్" అంది. వసుంధర అనే పేరుని ఆఫీసులో వాస్ చేసేశారు. "రోజూ పొద్దున్న తొమ్మిదింటి మీటింగ్‌లో నువ్వు ఉండాలి. ఒక్క రోజు కూడా తప్పకూడదు. అన్నీ సవ్యంగా జరిగితే మీ ఆయన కాంట్రాక్టు అయ్యేదాకా అక్కడే ఉండి చెయ్యి. లేదంటే వెనక్కి వచ్చెయ్యాలి."

టైము విషయంలో నాకు నామీద భలే నమ్మకం. పదకొండేళ్ళలో ఒక్క మీటింగ్‌కీ ఆలస్యంగా వెళ్ళలేదు. ఈమాత్రం దానికి భయమేంటి అనుకుని, వంటింటి గోడ గడియారం కూడా ఊడదీసి పెట్టెలో పెట్టుకుని బయల్దేరాను.

వెస్ట్ ఐలండ్: రన్‌వే మీద గోల్ఫ్

విమానాలు వాలేది వెస్ట్ ఐలండ్‌లో, దిగగానే మొదట ఎదురొచ్చింది కోడి. తర్వాత ఇంకో పది కోళ్ళు. ఎవరివండీ ఇవి అంటే, ఎవరివీ కావంట. ఊరకుక్కల్లాగా ఊరకోళ్ళు. మా కోనసీమలో అయితే ఇలా యజమాని లేని కోడి సాయంత్రం దాకా ఉండదు.

రన్‌వేకి అటూ ఇటూ గోల్ఫ్ మైదానం. విమానాలు లేని రోజుల్లో జనం రన్‌వే మీదుగా బంతి కొట్టుకుంటూ అటు పోతారు. సూపర్ మార్కెట్‌కి వెళ్ళాను. కాలీఫ్లవర్ పధ్నాలుగు డాలర్లు. అది కూడా మెడలు వంగిపోయి, ఎక్కడో జబ్బుచేసి వచ్చినట్టుంది. కూరగాయలు విమానంలో రావాలి మరి. కొత్తిమీర ఉందా అని అడిగితే కౌంటర్లో ఉన్న పెద్దావిడ జాలిగా చూసి, "వచ్చే విమానంలో రావచ్చమ్మా, రాకపోవచ్చు" అంది.

అంతకుముందు విమానం దగ్గర మా ఆయన, స్టేషన్లో చుట్టాన్ని తీసుకెళ్ళడానికి వచ్చినవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎనిమిది నెలల్లో నల్లబడ్డాడు, సన్నబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. "ఏంటండీ ఆ చొక్కా, ఇస్త్రీ చేసుకోలేరా?" అన్నాను.

హోమ్ ఐలండ్: పేరు లేని మొగుడు

మా ఆయన ఉండే హోమ్ ఐలండ్‌కి అక్కణ్ణుంచి ఫెర్రీలో అరగంట. నీళ్ళు మొదట ఆకుపచ్చగా, తర్వాత నీలంగా, పడవ కిందనుంచి తాబేళ్ళు పోతున్నాయి. హోమ్ ఐలండ్‌లో ఉండేది మలయ్ ముస్లింలు. వీళ్ళ ముత్తాతల్ని కొబ్బరి తోటల్లో పనికి ఓడల్లో తీసుకొచ్చారట. తోటల పని పోయింది, మనుషులు ఉండిపోయారు. కార్లు లేవు. అందరూ గోల్ఫ్ మైదానాల్లో తిరిగే చిన్న బగ్గీల మీదా, నాలుగు చక్రాల బైకుల మీదా తిరుగుతారు. గుమ్మంలో చెప్పులు విడవడం చూసి సగం ఇల్లు చేరినట్టే అనిపించింది.

జెట్టీ మీద అడుగు పెట్టగానే ఒకాయన చెయ్యెత్తి, "పక్ కీర్తీ! వచ్చిందా?" అని అరిచాడు. ఇంకో నలుగురు ఆడవాళ్ళు నన్ను చూసి నవ్వి, "మక్ కీర్తి, మక్ కీర్తి" అనుకున్నారు.

"కీర్తి పేరు వీళ్ళకెలా తెలుసండీ?" అన్నాను.

"ఇక్కడ పిల్లలు పుట్టాక తల్లిదండ్రులకి పేర్లుండవు, వసూ. పెద్ద బిడ్డ పేరుతోనే పిలుస్తారు. పక్ అంటే నాన్న, మక్ అంటే అమ్మ. నేనొచ్చిన రోజు అడిగిన మొదటి ప్రశ్న నీ పేరేంటని కాదు, నీ పిల్ల పేరేంటని. శ్రీనివాస్ అంటే ఎవరో ఈ దీవిలో ఎవరికీ తెలీదు."

మా ఊళ్ళోనూ అంతే కదా! మా నాయనమ్మ చచ్చినా మొగుడి పేరు పలికేది కాదు, "సత్యం వాళ్ళ నాన్న" అనేది. నేనైతే ఆ పద్ధతి చూసి నవ్వినదాన్నే. ఇప్పుడు సముద్రం మధ్యలో దిగి నేనే కీర్తి వాళ్ళమ్మనైపోయాను.

మా పక్కిల్లు మక్ నూరి వాళ్ళది. అరవై దాటిన మనిషి, తల మీద పూల గుడ్డ, గలగలా మాట్లాడుతుంది. ఆవిడ భర్త పక్ నూరి ఒకప్పుడు కొబ్బరి తోటల్లో పనిచేశాడు, ఇప్పుడు మా ఆయన పనిచేసే పవర్ హౌస్‌లోనే రాత్రి షిఫ్టు. వెళ్ళిన సాయంత్రమే ఆవిడ పళ్ళెం నిండా వేపుడన్నం, దానిమీద గుడ్డు, పక్కన చేపలతో చేసిన అప్పడాలు పట్టుకొచ్చింది. చిన్న గిన్నెలో సంబల్. నోట్లో పెట్టుకున్నాను. పండు మిరపకాయల పచ్చడికి సొంత చెల్లెలు. నా పెట్టెలోంచి ఆవకాయ తీసి ఇచ్చాను. ఆవిడ నాకి, కళ్ళు మూసుకుని, మళ్ళీ నాకింది. మాకు ఆ తర్వాత పెద్దగా భాష అవసరం పడలేదు.

"నూరి ఎక్కడుంది?" అని అడిగాను.

"పోర్ట్ హెడ్‌లాండ్‌లో. పెద్ద భూమి మీద" అంది, ఆస్ట్రేలియా వైపు చెయ్యి ఊపుతూ. "తొమ్మిదేళ్ళయింది వెళ్ళి. ఉద్యోగం, పిల్లలు. రెండేళ్ళకోసారి వస్తుంది."

"బెంగగా ఉండదా?"

"ఉండకేం. కానీ ఇక్కడ రోజుకి ఇరవైసార్లు ఎవరో ఒకరు దాని పేరు పిలుస్తారు. నేను పలుకుతాను."

నేను అప్పడం విరిచి తింటూ కూర్చున్నాను.

అయిదున్నరకి ఆఫీసు

కోకోస్ గడియారం సిడ్నీకి మూడున్నర గంటలు వెనక. ఇండియాకి సరిగ్గా ఒక గంట ముందు. ఆ అరగంట చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇండియా దాటాక ఇలా అరగంటతో తిరిగే గడియారం కనబడితే పుట్టింటి వాసనే కదా.

సిడ్నీ తొమ్మిదంటే అక్కడ పొద్దున్న అయిదున్నర. పారమట్టా నుంచి తెచ్చిన గడియారాన్ని బల్లెదురుగా గోడకి తగిలించి, కింద కాగితం మీద "సిడ్నీ" అని రాసి అంటించాను. ఫోన్లో అలారం అయిదింటికి. మా సిడ్నీ సిమ్ అక్కడ పనిచెయ్యదు, వైఫై ఉంటేనే ఫోను. పవర్ హౌస్‌లో చేరాక మా ఆయనకి కరెంటు మీద భక్తి మరీ ముదిరింది. పడుకునే ముందు ఇంట్లో ఉన్న స్విచ్‌లన్నీ, వైఫైతో సహా, ఒక్కొక్కటే ఆపేస్తాడు. "ఒక్కో యూనిట్‌కీ డీజిల్ ఓడలో రావాలి, వసూ" అంటాడు. అందుకని అత్యవసరానికి హెలెన్‌కి పవర్ హౌస్ నంబరు ఇచ్చాను.

నాలుగున్నరకి మసీదులోంచి అజాన్ వినిపించేది. ఇంకో అరగంట పడుకోవచ్చన్నమాట అని అటు తిరిగి పడుకునేదాన్ని. అయిదున్నరకి బొట్టు పెట్టుకుని, కింద నైటీ, పైన ఆఫీసు చొక్కాతో కూర్చునేదాన్ని. మొదటి రోజే కిటికీ అవతల కోడిపుంజు గొంతు చించుకుంది. మీటింగ్‌లో అందరూ నవ్వారు. హెలెన్ మాత్రం నవ్వకుండా, "దాన్ని కూడా రోస్టర్లో వెయ్యి, వాస్. టైముకి వస్తోంది" అంది. మధ్యాహ్నం ఒకటిన్నరకి సిడ్నీలో అయిదు, నా ఆఫీసు అయిపోయేది. ఇక మిగతా పగలంతా నాదే.

రాలిన కాయలు

ఆ పగళ్ళే నాకు కష్టం తెచ్చిపెట్టాయి. దీవి నిండా కొబ్బరి చెట్లు, దింపు తీసేవాడు ఒక్కడూ లేడు. కాయలు వాటంతటవే రాలి, పడ్డచోటే మొలకలొచ్చేస్తున్నాయి. అమలాపురం పక్క పుట్టినదాన్ని, చూస్తూ ఎలా ఊరుకుంటాను? రోజూ నడకకి వెళ్ళి రెండు చేతులా రెండు కాయలు తెచ్చి వరండాలో పెట్టాను. వారానికి గుట్టయింది.

"ఏం చేస్తావే వీటిని? అంబాజీపేట కొబ్బరి సంతకి పంపుతావా?" అన్నాడు మా ఆయన.

పక్ నూరి ఆ గుట్ట చూసి మురిసిపోయాడు. తన దొడ్లో పాతిన ఇనప గునపం దగ్గరికి తీసుకెళ్ళి, కాయని దాని మొన మీద దించి మూడు మెలికలు తిప్పాడు. పై పీచు డొక్క ఊడొచ్చింది. అచ్చం మా ఊరి ఒలుపే. "మాకు తెలుసండీ, మాదీ కొబ్బరి దేశమే" అని గొప్పగా చెప్పి నేనూ ఒక కాయ దించాను. దిగడం దిగింది, పైకి రాలేదు. అటు లాగాను, ఇటు లాగాను. కాయ గునపానికే ఉండిపోయింది, నేను వెల్లకిలా పడ్డాను. పుట్టింటి పరువు తీశానని మా ఆయన మూడు రోజులు నవ్వాడు. మక్ నూరి మాత్రం నా చేతికి నూనె రాసి, మొలకెత్తిన కాయ పగలగొట్టి లోపలి కొబ్బరి పువ్వు పెట్టింది. ఇరవై ఏళ్ళయింది నేనది తిని.

అక్కడే ఉండిపోవాలని నాకు గట్టిగా అనిపించింది ఆ రోజే. అప్పటిదాకా మా ఆయన కోసం వచ్చాననుకున్నాను.

డైరెక్షన్ ఐలండ్: లాంగ్ వీకెండ్

అక్టోబరు మొదటి సోమవారం సిడ్నీలో సెలవు. ఆదివారం మక్ నూరి వాళ్ళతో కలిసి పడవలో డైరెక్షన్ ఐలండ్‌కి వెళ్ళాం. అక్కడ మనుషులెవరూ ఉండరు, ఇసకా నీళ్ళే. నేను చింతపండు వేసి చేపల పులుసు వండాను, ఆవిడ కొబ్బరిపాలతో వండింది. రెండూ కలుపుకుని తిన్నాం.

బయల్దేరే ముందు ఆదివారం పొద్దున్న అమలాపురంలో ఉన్న మా అక్కకి ఫోన్ చేశాను. ఆస్ట్రేలియాలో ఉండే మన తెలుగువాళ్ళందరికీ ఉన్న అలవాటే ఇది. ఏటా అక్టోబరు మొదటి ఆదివారం సిడ్నీ గడియారాలు గంట ముందుకి జరుగుతాయి. ఆ రోజు అందరం ఇళ్ళకి ఫోన్ చేసి హెచ్చరిస్తాం.

"అక్కా, ఇవాళ్టి నుంచి మన మధ్య తేడా అయిదున్నర గంటలు. మర్చిపోకు" అన్నాను, నోటికొచ్చిన పాఠంలాగా.

అక్క పకపకా నవ్వింది. "ఓసి పిచ్చిదానా, నువ్వు సిడ్నీలో ఉన్నావేంటి? నీకూ నాకూ గంటే కదా తేడా!"

"అవునే! ఇక్కడ గడియారం మారదు" అని నేనూ నవ్వాను. మారదు, హాయి అనుకున్నాను. ఏటా ఇంటిల్లిపాదికీ గుర్తుచేసి, గోడ గడియారాలన్నీ నా చేత్తో తిప్పే నేను, ఆ మాటతో నిశ్చింతగా ఫోన్ పెట్టేశాను. గోడమీద "సిడ్నీ" అని రాసి పెట్టుకున్న గడియారం పాత టైములోనే తిరుగుతోంది.

మంగళవారం

సెలవు తర్వాత మంగళవారమంటే మా ఆఫీసులో గండం. లాంగ్ వీకెండ్ అయ్యాక జ్వరాలు ఎక్కువ వస్తాయి మా స్టాఫ్‌కి.

నాలుగున్నరకి అజాన్ వినబడింది. ఇంకో అరగంట ఉందిలే అని అటు తిరిగి పడుకున్నాను. పారమట్టాలో అప్పుడు తొమ్మిది. మీటింగ్ మొదలైంది.

తర్వాత జరిగింది కొంత హెలెన్ చెప్తే, కొంత పక్ నూరి చెప్తే తెలిసింది. నేను కనబడకపోయేసరికి హెలెన్ పది నిమిషాలు చూసి, పవర్ హౌస్‌కి ఫోన్ చేసింది. రాత్రి షిఫ్టులో ఉన్న పక్ నూరి ఎత్తాడు.

"వాస్‌తో మాట్లాడాలి" అంది.

"అలాంటివాళ్ళు ఇక్కడెవరూ లేరు."

"వసుంధర. శ్రీనివాస్ భార్య."

"శ్రీనివాస్ ఎవరో కూడా తెలీదమ్మా. రాంగ్ నంబరేమో."

హెలెన్ పెట్టేయబోయిందట. రానివాళ్ళకి ఫోన్ చెయ్యడం, దొరక్కపోతే పేరు ఎదురుగా గీత కొట్టెయ్యడం మా పనిలో మామూలే. ఇంతలో ముసలాయన ఆగమని, "ఆవిడ ఎవరి తల్లి?" అని అడిగాడట. ఇదేం ప్రశ్న అనుకుంది హెలెన్. కానీ జవాబు తెలుసు. పదకొండేళ్ళుగా నేను టీ తాగినప్పుడల్లా కీర్తి మార్కులు, కీర్తి జలుబు, కీర్తి డ్రైవింగ్ టెస్టు ఆవిడ చెవిలో పోస్తూనే ఉన్నాను.

"కీర్తి తల్లి" అంది.

"మక్ కీర్తి! మరి ముందే చెప్పరేంటి?"

లైన్ కట్ చెయ్యడం కూడా మర్చిపోయి ఆయన బైకెక్కాడు. నాకు మెలకువ వచ్చేసరికి తలుపు విరిగిపోయేలా బాదుతున్నాడు. "మక్ కీర్తీ! ఆఫీసు! సిడ్నీ!" అవతల మక్ నూరి కూడా లేచొచ్చి కిటికీ కొడుతోంది. వాళ్ళిద్దరినీ చూసి ఊళ్ళో కోళ్ళన్నీ కూయడం మొదలెట్టాయి. మా ఆయన వైఫై స్విచ్ కోసం చీకట్లో తడుముకుంటూ కుర్చీ తన్నుకున్నాడు.

బొట్టు లేదు, ఆఫీసు చొక్కా లేదు. నైటీ మీద తువ్వాలు కప్పుకుని తెరముందు కూర్చున్నాను. మీటింగ్ ఇంకో అయిదు నిమిషాల్లో ముగుస్తుంది. "సారీ, టైము..." అన్నాను.

"తర్వాత మాట్లాడదాం" అంది హెలెన్. "తొమ్మిది షిఫ్టులు ఖాళీ. మొదలుపెట్టు."

ఆ రోజు మంచినీళ్ళు కూడా తాగలేదు. తొమ్మిదీ నింపాను. పని అయ్యాక వరండాలో ఆ కొబ్బరికాయల గుట్ట పక్కన కూర్చుని ఏడ్చాను. ఒక్క రోజు కూడా తప్పకూడదంది. తప్పాను. దానికి ఇంకెవరినీ అనడానికి లేదు. మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. గోడ గడియారం దించి, గంట ముందుకి తిప్పి, మళ్ళీ తగిలించాడు. తిట్టినా బాగుండేది.

శుక్రవారం

మిగిలిన మూడు రోజులూ మూడున్నరకే లేచి కూర్చున్నాను. శుక్రవారం మీటింగ్ అయ్యాక హెలెన్ నన్ను ఉండమంది.

"రూలు గుర్తుందా?"

"ఉంది. సిడ్నీ టైము పెట్టుకున్న గోడ గడియారం తిప్పడం మర్చిపోయి తప్పాను. బెట్టు చెయ్యను, వచ్చేస్తాను."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మనం ఇన్నేళ్ళుగా రానివాళ్ళకి ఫోన్లు చేస్తున్నాం, వాస్. వాయిస్‌మెయిల్ తప్ప ఇంకేం పలకదు. ఒక హోములో ఒకమ్మాయి మూడు రోజులు రాకపోతే, జ్వరంతో ఒక్కతే పడుందని నాలుగో రోజుగానీ మనకి తెలీలేదు. నువ్వు పది నిమిషాలు కనబడకపోతే ఒక ముసలాయన బైకేసుకుని నీ తలుపు విరగ్గొట్టాడు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "పారమట్టాలో నిన్నలా లేపేవాళ్ళు ఎవరున్నారు?"

ఎవరూ లేరు.

"అక్కడే ఉండు. ఆ గడియారం మాత్రం నా కళ్ళముందు పడెయ్" అంది.

పడెయ్యలేదు. మక్ నూరికి ఇచ్చాను. ఆవిడ దాన్ని పోర్ట్ హెడ్‌లాండ్ టైముకి తిప్పి, వంటింట్లో పెట్టుకుంది.

మళ్ళీ పారమట్టా

ఇల్లు అద్దెకిచ్చి, సామాను సర్దుకోవడానికి వచ్చాను. కొన్ని పెట్టెలు ఓడలో పంపాలి. మీద ఏం రాయాలండీ అని మా ఆయన్ని అడిగితే, "నా పేరు రాయకు, జెట్టీ మీదే పడుంటాయి" అన్నాడు. అందుకని అన్నిటిమీదా పెద్దక్షరాల్లో ఒకటే రాశాను, "మక్ కీర్తి, హోమ్ ఐలండ్" అని.

సాయం చెయ్యడానికి మెల్‌బోర్న్ నుంచి వచ్చిన కీర్తి గుమ్మంలోనే నిలబడిపోయింది. వచ్చినప్పట్నుంచీ ముభావంగానే ఉంది. అమ్మా నాన్నా ఇద్దరూ ఒకచోట చేరుతున్నారు, తనొక్కతీ ఇటు మిగులుతోందన్న దిగులు దాని ముఖంలో నాకు తెలుస్తూనే ఉంది. అది తెలుగు అర్థం చేసుకుంటుంది, మాట్లాడేది ఇంగ్లీషే.

"మమ్, వై ఈజ్ మై నేమ్ ఆన్ ఆల్ యువర్ బాక్సెస్? ఐయామ్ నాట్ ఈవెన్ గోయింగ్."

"అక్కడ నన్ను అలాగే పిలుస్తారే. మీ నాన్ననీ అంతే. రోజుకి ఇరవైసార్లు ఎవరో ఒకరు నీ పేరు పిలుస్తారు. మేం పలుకుతాం."

అది పెట్టెల దగ్గరికి వచ్చింది. తర్వాత నా చేతిలోంచి మార్కర్ తీసుకుని నేలమీద కూర్చుంది. ఒక్కో పెట్టెమీదా తన పేరు, ఓడలో తడిసినా చెరిగిపోకుండా, మళ్ళీ దిద్దడం మొదలుపెట్టింది.